మూడు దాటాక ముద్ద

పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ ఊళ్ళో దిగినా మొదటి పలకరింపు ఒకటే, "తిన్నారా?" అని. వచ్చినవాళ్ళని అడుగుతాం, వెళ్ళేవాళ్ళని అడుగుతాం. అడుగుతున్న ఇల్లాలు తిన్నదో లేదో మాత్రం ఎవరికీ తట్టదు. సాధారణంగా తిని ఉండదు!

టెక్కలిలో మా వదిన అలాంటి ఇల్లాలే. పొద్దున్నే ఇంత కాఫీ గొంతులో పోసుకుంటుంది. ఇక పిల్లల క్యారేజీలు, అన్నయ్య భోజనం, అమ్మ మందులు, వచ్చేపోయే చుట్టాలు... అన్నీ అయ్యేసరికి మూడు దాటుతుంది. అప్పుడు గిన్నెల్లో మిగిలినదంతా కంచంలోకి ఊడ్చుకుని, "పారెయ్యలేం కదా" అంటూ తింటుంది. మళ్ళీ రాత్రి పదిన్నరకే. పోయిన ఏడాది రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ 248 అని వస్తే నిర్ఘాంతపోయింది.

"తినేదే రెండు పూటలు. జీడిపప్పు జోలికైనా పోను. ఎక్కణ్ణించి వచ్చిందంటావూ ఈ కొవ్వు?"

పాపం, జీడిపప్పు మీద నింద! చెట్టున కాసేవాటిలో కొలెస్ట్రాల్ ఉండదనే చెప్పాలి. మన ఒంట్లో దాన్ని ఎక్కువగా తయారుచేసేది మన కాలేయమే. డాక్టరుగారు ఏం తింటున్నారని అడిగి ఊరుకోలేదు. "ఎన్నింటికి తింటారమ్మా?" అన్నారు. వదిన నాకేసి చూసింది. పాతికేళ్ళ కాపురంలో ఆ మాట ఆవిణ్ణి అడిగినవాళ్ళు లేరు.

ఇంటికొచ్చి నేను చదివి చూస్తే, దీని వెనక పెద్ద కథే ఉంది. 1989లో కెనడాలోని టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు ఏడుగురు మగవాళ్ళ మీద ఒక ప్రయోగం చేశారు. ఒకే తిండి. రెండు వారాలు మూడు పూటలుగా పెట్టారు, మరో రెండు వారాలు అదే తిండిని రోజుకి 17 సార్లుగా పంచి పెట్టారు. కొంచెం కొంచెంగా తిన్నప్పుడు చెడ్డ కొలెస్ట్రాల్ 13.5 శాతం తగ్గింది! ఒక్కసారి కడుపు నిండా కూరితే ఇన్సులిన్ ఎగదన్నుతుంది. కాలేయంలో కొలెస్ట్రాల్‌ని తయారుచేయించే ఎంజైముని అది ప్రేరేపిస్తుంది. కొలెస్ట్రాల్‌కి మనం మింగే స్టాటిన్ మాత్రలు అడ్డుకునేదీ ఆ ఎంజైమునే. (పదిహేడుసార్లు వడ్డించిన మహాతల్లి ఎవరో గాని, ఆవిడ ఎప్పుడు తిన్నదో ఎవరూ వ్రాయలేదు.)

2013లో స్పెయిన్‌లో 420 మందిని ఇరవై వారాలు గమనించారు. మధ్యాహ్న భోజనం మూడు దాటాక చేసేవాళ్ళు, అంతే తిండి తింటున్నా, ముందు తినేవాళ్ళకన్నా తక్కువ బరువు తగ్గారట. మూడు! మా వదిన గడియారం స్పెయిన్ దాకా ఎలా వెళ్ళిందో!

అలాగని గంటలు చూసుకుంటే చాలుననుకోకండి. 2022లో చైనాలో 139 మంది మీద ఏడాదిపాటు చేసిన పరీక్షలో, తిండి తగ్గించినవాళ్ళు దాన్ని ఎనిమిది గంటల లోపలే తిన్నా అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు. ముందు పరిమాణం, తర్వాతే వేళ. అన్నానికి అన్నం తిని, మధ్యమధ్య జంతికలు నమిలి, "నేను కొంచెం కొంచెంగా తింటున్నా" అంటే కాలేయం నమ్మదు. కిడ్నీ జబ్బులున్న మన ఉద్దానం ఇళ్ళలో ఈ లెక్కలన్నీ వేరు. అక్కడ ఏం తినాలో, ఎంత తినాలో డాక్టరే చెప్పాలి.

పలాసలో జీడిపప్పు ఒలిచే ఒకామెని అడిగాను. ఒలిచిన కిలోల లెక్కన కూలి. "పదకొండింటికి ఇంత గంజి తాగకపోతే కళ్ళు తిరుగుతాయమ్మా, తూకం తగ్గిపోద్ది" అంది. ఆవిడ ఆకలికి ఒక తూకమన్నా ఉంది. మా వదినకి అదీ లేదు.

"ఒంటిగంటకి నువ్వు తినెయ్యి. మిగతావాళ్ళు వచ్చి పెట్టుకుంటారు" అన్నాను. "అత్తయ్యగారు ఉండగా ముందు నేనా?" అని వదిన నాలిక కరుచుకుంది. అమ్మకి ఎనభై దాటాయి. మంచం మీద నుంచే అన్నీ వింటూ ఉంటుంది.

"తినీయే. నాకైతే పన్నెండుకే ఆకలేసీది" అంది. కాసేపాగి, "ఎవులూ అడగనేదు" అంది.