పాలిండ్లు, దిండ్లు

చలి మొదలైంది, సూరత్‌లో పొంక్ బళ్లు వచ్చేశాయి. పొంక్ అంటే ఏదో గుజరాతీ వింత అనుకునేరు, మన ఊచబియ్యమే. పచ్చజొన్న కంకిని నిప్పుల మీద కాల్చి నలిపితే రాలే లేత గింజలు. ఇక్కడివాళ్లు సేవ్ కలుపుకుని తింటారు, మా అత్తమ్మ ఇంత ఉప్పూ కారం చల్లుకుంటుంది. మీరూ ఓ పిడికెడు తీసుకోండి, తింటూ విందురుగాని.

మాది నవాగామ్. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల్లో మగ్గాలు వదిలేసి సాంచాల (మరమగ్గాల) కోసం వచ్చిన పద్మశాలీలు ఈ చుట్టుపక్కల చాలామందే. మగవాళ్లకి ఖాతాల్లో, అంటే సాంచాల షెడ్లలో, పన్నెండు గంటల పాళీ. ఆడవాళ్లకి ఇంట్లోనే పని: చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించడం, రాళ్లు అతికించడం, లేసు కుట్టడం. కూలి పీసు లెక్క. మొన్న సాయంత్రం అత్తమ్మ, నేను దారాలు కత్తిరిస్తూ కూర్చున్నాం. మధ్యలో ఫోన్లో ఒక బొమ్మ చూపించాను.

"గివేంది బిడ్డా, దిండ్లా?"

దిండ్లే. కానీ వాటి ఆకారం చూసి అత్తమ్మ ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత పకపకా నవ్వింది. గది నిండా పరిచిన రొమ్ములు. వాటి మీద పిల్లలూ పెద్దలూ ఒరిగి పడుకుని ఉన్నారు.

చేసినావిడ పేరు పినారీ సన్‌పితక్. 1961లో బ్యాంకాక్‌లో పుట్టింది, జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయంలో చదువుకుంది. కొడుకు పుట్టాక, పాలిచ్చిన అనుభవంలోంచి ఆ ఆకారం ఆమె చేతికి పట్టుబడింది. అప్పటినుంచీ దాన్ని వదల్లేదు. కాగితం మీద గీసింది, గుడ్డతో కుట్టింది, గాజుతో చేసింది. 2005 నుంచైతే ఆ ఆకారపు అచ్చులు వంటవాళ్ల చేతికిచ్చి, మీకు తోచింది వండి వడ్డించండి అంది! ఈ దిండ్ల పేరు నూన్-నోమ్. థాయి భాషలో నోమ్ అంటే పాలూ అదే, రొమ్మూ అదే.

ఇక్కడ నేను కత్తెర పక్కన పెట్టేశాను. మనకీ ఉంది కదండీ ఆ మాట! పాలిండ్లు. పాలు ఉండే ఇళ్లు. ఎంత చక్కటి మాట! ప్రబంధ కవులు దాన్ని ఎంత వాడారంటే, చివరికి ఇంట్లో పాలు ఎవరి కోసమో మర్చిపోయారు. పసిబిడ్డ కనపడడు, నాయకుడి చూపొక్కటే కనపడుతుంది. పినారీ చేసిందల్లా ఆ ఇంటిని మళ్లీ ఇంటివాళ్లకి అప్పగించడమే అనిపిస్తుంది నాకు.

ఆమెకి ఆ ఆకారంలో స్తూపం కూడా కనిపించింది. బోర్లిస్తే స్తూపం, వెల్లకిలా పెడితే భిక్షాపాత్ర. థాయిలాండ్‌లో అడుగడుగునా స్తూపాలే కాబట్టి అక్కడివాళ్లకి ఈ పోలిక తట్టడం సహజం. మనకేం తక్కువ? అమరావతి ఉంది, భట్టిప్రోలు ఉంది. స్తూపం గుండ్రటి భాగాన్ని అండం అనే అంటారు, అంటే గుడ్డు. అది కూడా పుట్టుక మాటే. కానీ 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ తవ్వి ధాతుకరండాలు (అస్థికల భరిణెలు) బయటికి తీసిన ఆ భట్టిప్రోలు దిబ్బని ఊరివాళ్లు ఏమని పిలిచేవారో తెలుసా? లంజదిబ్బ. ఆవిడ రొమ్ముని స్తూపం చేస్తే మనం స్తూపానికి తిట్టు తగిలించాం.

ఎప్పుడూ ఇలాగే ఉన్నామా అంటే, లేదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాణి ఖండువుల, కాళ్లు విప్పార్చి కూర్చున్న తల్లి దేవత శిల్పం చెక్కించి, దాని మీదే తన సంగతి రాయించుకుంది: భర్త బతికి ఉన్నాడు, బిడ్డ బతికి ఉన్నాడు అని. అలాంటి దేవతే అలంపురంలోనూ ఉంది. తల ఉండాల్సిన చోట తామరపువ్వు. ఆమెని లజ్జాగౌరి అంటారు. ఆ విగ్రహంలో లజ్జ ఎక్కడుందో నేనైతే ఎంత వెతికినా కనపడలేదు.

సూరత్ నుంచి రైల్లో రెండు గంటలు వెళితే బరోడా. అక్కడ చదువుకున్న శిల్పి మృణాళినీ ముఖర్జీ నార తాళ్లని చేత్తో ముడులేసి, యక్షిలాంటి నిలువెత్తు బొమ్మలు చేసింది. అవి పువ్వులో, దేవతలో, ఒంటి భాగాలో ఓ పట్టాన తేలవు. 2015లో పోయింది. 2022 వెనిస్ బినాలేలో ఆమె నార బొమ్మలూ, పినారీ బొమ్మలూ ఒకే ప్రదర్శనలో పెట్టారు. దాని పేరేమిటనుకున్నారు? కలల పాలు. ఇంగ్లీషు పేరుని మనలోకి తిప్పితే అంతే మరి.

మా పద్మశాలీల కథలో భావనారుషి తామరనూలుతో దేవతలకి బట్టలు నేశాడు. అంటే ఒళ్లు కప్పడానికే మా కులం పుట్టింది. పినారీ అదే గుడ్డతో ఒంటిని మళ్లీ కుడుతోంది. నూన్-నోమ్‌లో ఉన్నది మన సూరత్ సరుకులాంటి సింథటిక్ గుడ్డే. తర్వాత పట్టుతో ఇంకో రకం చేసింది. లోపల మోటారు ఉంటుంది, చప్పుడు వింటే చాలు, అవి నేలమీద కదులుతాయి. అది చెప్పగానే అత్తమ్మ అంది: "మన నవాగామ్ల పెడితే ఇగ వాటికి నిద్రుండది."

నిజమే. పగలూ రాత్రీ సాంచాల మోతే.

కత్తిరించిన దారాల కుప్ప మా ఇద్దరి మధ్యా మోకాలెత్తు పెరిగింది. అత్తమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి పాత చీర సంచిలోకి కుక్కింది. మనవడికి దిండు కావాలట. మూతి కుడుతూ, గుండ్రంగా వచ్చిందని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఫోన్ మళ్లీ ఇమ్మంది. చాలాసేపే చూసింది.

"గామెకు పీసుకెంతిస్తరు?"

నాకు తెలియదన్నాను.

"మంచిగనే ఇస్తరు తీ," అని సూదిలోకి ఇంకో దారం ఎక్కించింది.