దొప్పలు గీసిన దారులు

తెల్లవారుజామున గోదావరిలో వదిలిన కార్తీక దీపం కంటికి ఒక చుక్క. కెమెరా షట్టర్‌ను 30 సెకన్లు తెరిచి ఉంచితే ఆ చుక్కే గీత అవుతుంది. రాత్రి ఫోటోలు కొత్తగా నేర్చుకుంటున్న నాకు లాంగ్ ఎక్స్‌పోజర్ పిచ్చి పట్టుకుంది ఆ గీతతోనే.

రాజమండ్రి పుష్కర ఘాట్‌లో ఆ వేళకి స్నానాలు మొదలైపోయి ఉంటాయి. అరటి దొప్పలో వత్తి వెలిగించి, నీటి మీద పెట్టి, అరచేత్తో నీళ్లు నెట్టి సాగనంపుతారు ఆడవాళ్లు. దొప్ప వెంటనే నది నడిమికి పోదు. మెట్ల వారన కాసేపు వెనక్కి తిరుగుతుంది, పక్క దొప్పను రాసుకుంటుంది, ఆ తర్వాత ఎక్కడో వాలు దొరికి సాగిపోతుంది. మనం ఒక దీపం వెంట చూపు పోనిస్తే మిగతావి తప్పిపోతాయి. ఫోటోలో మాత్రం అన్ని దారులూ ఉంటాయి: మెట్ల దగ్గర కొక్కేల్లా వంకర్లు, కాస్త అవతల తిన్నని పసుపు గీతలు. గట్టును తగిలిన నీరు ఎక్కడ సుడి తిరుగుతోందో, ఎక్కడ పరుగు అందుకుంటోందో దీపాలే గీసి చూపిస్తాయి.

మనుషుల సంగతి ఇంకా వింత. తడి చీరలతో మెట్లెక్కి వెళ్లేవాళ్లు ఫోటోలో ఉండరు. దీపం ముందు కూర్చుని జపం చేసుకునే పెద్దావిడ ఉంటుంది, చేతులు మాత్రం పొగలా అలుక్కుపోతాయి. ఫోటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన డాగేర్ 1838లో పారిస్ వీధిని తీసిన చిత్రంలోనూ ఇంతే. బళ్లూ జనమూ తిరిగే రోడ్డు నిర్మానుష్యంగా కనిపిస్తుంది. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకచోట నిలబడ్డ మనిషి మిగిలాడు. ఆనాటి పలకలకు వెలుతురు చాలక నిమిషాలు పట్టేది. ఇప్పుడు మనం కావాలని ఆ ఆలస్యాన్ని తెచ్చుకుంటున్నాం, అది నాకు చాలా నచ్చుతుంది.

పద్ధతి కష్టమేమీ కాదు. గట్టి ట్రైపాడ్ కావాలి. చీకట్లో ఆటోఫోకస్ తడబడుతుంది కాబట్టి దూరంగా ఉన్న దీపస్తంభాన్ని తెర మీద పెద్దది చేసుకుని ఫోకస్ కుదిర్చి, మాన్యువల్‌లోకి మార్చేయాలి. వేలు నొక్కిన అదురు తగలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టాలి. ఐఎస్‌ఓ 100, ఎపర్చర్ ఎఫ్/11 దగ్గర మొదలుపెట్టి చూసుకోవచ్చు. ఎపర్చర్ ఆ మాత్రం చిన్నదైతే గట్టు మీది లైట్ల చుట్టూ కిరణాలు విచ్చుకుంటాయి: ఎపర్చర్ రేకులు ఏడుంటే పద్నాలుగు, ఎనిమిదుంటే ఎనిమిదే.

ఫ్రేమ్‌లో వంతెనలు కూడా కలిసొస్తాయి. 1997లో రైళ్లు ఆగిపోయిన పాత హేవలాక్ వంతెన నల్లగా, కదలకుండా ఉంటుంది. ఆర్చి వంతెన మీద రైలు వస్తే కిటికీలన్నీ కలిసి ఒకే వెలుగు పట్టీ అవుతాయి.

అదే సమయంలో కొవ్వూరు వైపు కృత్తికలు పడమటికి దిగుతుంటాయి. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ఐఎస్‌ఓ పెంచితే అవీ పడతాయి. కానీ ఆకాశం తిరిగేది గంటకు 15 డిగ్రీలు. 30 సెకన్లకు డిగ్రీలో ఎనిమిదో వంతు. దొప్ప అంత దారి గీసేలోగా నక్షత్రం కాస్త సాగుతుంది, అంతే. దాని దారి కావాలంటే గంటసేపు వరుసగా తీసి, ఫోటోలన్నీ కలపాలి. ఊరి దీపాల వెలుగులో అది అంత బాగా రాదు.

పైగా గీతలన్నీ చుట్టూ తిరిగే ధ్రువ నక్షత్రం మనకు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంటే చాపిన చేతి పిడికిళ్లు రెండు కూడా కాదు. ఉత్తరాన కొండా, కొబ్బరితోటా అడ్డం లేని పొలం చూసుకోవాలి. వరికోతలయ్యాక అలాంటివి దొరుకుతాయి. లెన్స్ మీద మంచు పడుతుంది కాబట్టి మెత్తటి గుడ్డొకటి జేబులో ఉండాలి.