చూసి రాసిన అంకె

మా మిద్దె ఎక్కితే ఒక పక్క రొయ్యల గుంటలు, ఇంకో పక్క థర్మల్ కేంద్రాల పొగ గొట్టాలు కనిపిస్తాయి. ముత్తుకూరు మండలంలో చాలా ఇళ్ల నుంచి ఇదే దృశ్యం. మా నాయన గుంటల కాడ పని చేస్తాడు. రాత్రి కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది. జనరేటర్ అందుకునేదాకా నాయన కట్ట దిగేవాడు కాదు. మాకు కరెంటంటే ముందు పంట, ఆ తర్వాతే వెలుగు. ఆ కరెంటు పుట్టేచోట పని నేర్చుకోవాలన్న కోరిక నాకు చిన్నప్పుడే కలిగింది.

మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి, 2022లో మా తీరంలోనే ఒక థర్మల్ కేంద్రంలో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేరాను. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఏడాది శిక్షణ. అప్పట్లో నెలకు 9,000 రూపాయల స్టైపెండ్, అందులో సగం కేంద్ర ప్రభుత్వం భరించేది. ఆ ఏడాదే అక్టోబరు 27న నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల మూడో యూనిట్‌ను జాతికి అంకితం చేశారు. మా ప్రాంతమంతా ఆ మాటే. చదువు చేతికొచ్చిన కుర్రాళ్లందరం పొగ గొట్టాల వైపే ఆశగా చూస్తున్న రోజులవి.

మొదటి వారం నన్ను నిలువునా ఆశ్చర్యపరిచింది లెక్కలే. 800 మెగావాట్ల యూనిట్ ఒకటి పూర్తి లోడు మీద రోజంతా నడిస్తే కోటీ 92 లక్షల యూనిట్ల కరెంటు. యూనిట్‌కు అరకిలో పైచిలుకు బొగ్గు వేసుకున్నా, రోజుకు దగ్గర దగ్గర పది వేల టన్నులు కాలాలి. టర్బైన్ నిమిషానికి 3,000 సార్లు తిరగాలి, ఎందుకంటే మన దేశంలో కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో నడుస్తుంది. ఇవన్నీ పుస్తకంలో చదివినవే. కానీ టర్బైన్ ఫ్లోర్ మీద నిలబడి, బూట్ల అడుగున ఆ అదురు తగిలినప్పుడు గానీ 3,000 అనే అంకె ఏమిటో నాకు తెలియలేదు.

నా మనసును పట్టుకున్నది మాత్రం కండెన్సర్. టర్బైన్‌లో పని ముగించిన ఆవిరిని అక్కడ సముద్రపు నీటితో చల్లబరిచి మళ్లీ నీరుగా మారుస్తారు. గొట్టం లోపల లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పున్న సముద్రం, బయట బాయిలర్‌కు తిరిగి పోవాల్సిన అతి శుద్ధమైన నీరు. రెండింటి మధ్య అడ్డు మిల్లీమీటరు కూడా మందం లేని టైటానియం గోడ. ఒక్క గొట్టానికి సూదిమొన బెజ్జం పడినా బాయిలర్ నీరు చెడిపోతుంది. అందుకే కెమిస్ట్రీ వాళ్లు ఆ నీటి వాహకతను రాత్రింబవళ్లు చూస్తూనే ఉంటారు.

నన్ను వేసింది సముద్రపు నీటి పంప్‌హౌస్‌లో. సముద్రం ఒట్టి నీళ్లు పంపదు. నాచు, గుల్లలు, వలల ముక్కలు, కొన్ని రోజుల్లో జెల్లీ చేపలు గుంపులు గుంపులుగా వస్తాయి. పెద్ద పంపుల ముందు తిరిగే జల్లెడలు వాటిని ఆపుతాయి. ఆ జల్లెడలను కడగడానికి ఒక చిన్న పంపు ఉంటుంది. పెద్ద పంపుల బేరింగ్ వేడి కంట్రోల్ రూమ్ తెర మీదే కనిపిస్తుంది. ఈ చిన్నదానిది మాత్రం మనిషి పోయి చూడాల్సిందే. రెండు గంటలకోసారి చేతి థర్మామీటరు పెట్టి, లాగ్ షీట్‌లో రాయాలి. ఆ పని నాది.

మూడో నెలలో ఒక సి షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ. బయట వాయుగుండం వాన. రెండు గంటల రీడింగు 58 డిగ్రీలు. నాలుగు గంటలకు నేను లేచి పోలేదు. అంతకుముందు నాలుగు సార్లూ 57, 58 మధ్యే ఉంది కదా అని, కూర్చున్న చోటే 58 అని రాసేశాను. టీ తాగడానికి వచ్చిన ఫిట్టర్ అన్న షీట్ చూసి, నా బూట్లు చూశాడు. అవి పొడిగా ఉన్నాయి.

“ఏంది అబ్బయా, పొయ్యి చూసొచ్చావా, ఈణ్ణే కూచోని రాశావా?”

నేను తల వంచుకున్నాను. ఆయన కేకలేయలేదు. “పద, చూద్దాం” అని గొడుగు తీశాడు. పంపు దగ్గరికి పోయి థర్మామీటరు పెడితే 76. ఇనుప కడ్డీ ఒక కొస బేరింగ్ మీద ఆనించి, రెండో కొస నా చెవికి పెట్టాడు. మంచి బేరింగ్ ఒకే తీరుగా హోరుమంటుంది. ఇది ఇసుక నమిలినట్టు గరగరలాడుతోంది. వెంటనే షిఫ్ట్ ఇంజనీరు సార్‌కు చెప్పి, స్టాండ్‌బై పంపును నడిపించి దీన్ని ఆపారు.

పొద్దున పంపు విప్పడానికి పర్మిట్ తీసుకున్నారు. బ్రేకర్ వెనక్కి లాగి, తాళం వేసి, పని చేసేవాడి పేరుతో ట్యాగ్ కట్టారు. ఎవరు కట్టిన ట్యాగ్ వాళ్లే విప్పాలి, ఎంత పెద్ద అధికారి చెప్పినా ఇంకొకరు ముట్టుకోకూడదు. బేరింగ్ విప్పితే గ్రీజు పాలలాగా తెల్లగా ఉంది. సీల్ అరిగి ఉప్పునీరు లోపలికి చేరింది. అది తెల్లారేదాకా తిరిగి బిగుసుకుపోయి ఉంటే షాఫ్ట్ కూడా పాడయ్యేది.

షీట్‌లో నేను రాసిన 58ని ఒక్క గీతతో కొట్టి, పక్కన 76 రాసి, టైము వేసి సంతకం చేశాను. అలా చేయించింది అన్నే. “కింది అంకె కనపడాల. దిద్దింది దాచకూడదు” అన్నాడు.

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. రొయ్యలకు మేత వేసిన రెండు గంటలకు చెక్ ట్రే పైకెత్తి, ఎంత తిన్నాయో చూసిగానీ తర్వాతి మేత లెక్క కట్టడాయన. “నేను ట్రే ఎత్తకుండా మేత రాస్తే, మిగిలింది అడుగున కుళ్లి గుంటే పోద్ది. నీ పంపయినా అంతే గదా” అన్నాడు. నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువులో నాకు పట్టుబడని పాఠం మా ఇంట్లోనే రోజూ జరుగుతోందని అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత అన్న నన్ను దగ్గర పెట్టుకుని పని నేర్పాడు. మోటారునూ పంపునూ ఒకే గీతలోకి తేవడానికి డయల్ గేజ్ ఎలా బిగించాలి, మోటారు కాళ్లలో ఏది నేలకు ఆనలేదో ఎలా కనిపెట్టాలి, ఏ కాలి కింద ఎంత మందం షిమ్ రేకు పెట్టాలి, అన్నీ చేతి మీద చూపించాడు. మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క అది. ఆయన ఐటీఐ చదివినవాడు. నన్నూ కొన్ని అడిగేవాడు. మా బాయిలర్‌లో నీళ్లు ఎందుకు మరగవని ఒకసారి అడిగాడు. 221 బార్ల పీడనం, 374 డిగ్రీల వేడి దాటితే నీటికీ ఆవిరికీ మధ్య హద్దు చెరిగిపోతుందని, అందుకే ఆ బాయిలర్లను సూపర్ క్రిటికల్ అంటారని బొమ్మ గీసి చెప్పాను. శ్రద్ధగా విని, “ఇన్నేళ్లకు అర్థమైంది అబ్బయా” అన్నాడు. ఆ మాట నాకు డిగ్రీ పట్టాతో సమానం.

ఏడాది ముగిశాక సర్టిఫికెట్ ఇచ్చారు. శిక్షణ ఇచ్చినవాళ్లు ఉద్యోగం కూడా ఇచ్చి తీరాలన్న నిబంధన చట్టంలో లేదు. చాలామంది బాధపడేది ఇక్కడే, నేనూ బాధపడ్డాను. తర్వాత వేరేచోట మెయింటెనెన్స్ ఇంజనీరుగా కుదిరాను. ఇంటర్వ్యూలో నన్ను ఎక్కువసేపు అడిగింది ఆ తెల్లబడిన గ్రీజు గురించే.

ఇప్పుడు నా దగ్గరికీ కొత్త అప్రెంటిస్‌లు వస్తున్నారు. వాళ్లకు మొదటి రోజు చెప్పేది ఒక్కటే. తమ్ముడూ, చెల్లీ, రీడింగు తీసుకోవడం చిన్న పని అనుకోవద్దు. నువ్వు రాసిన అంకెను నమ్మి ఎవరో ఒకరు యంత్రాన్ని నడుపుతారు, ఇంకెవరో దాని పక్కన నిలబడి పని చేస్తారు. చూడలేకపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్, అడిగితే నిజం చెప్పు. చూడనిది మాత్రం రాయొద్దు.