అరకు రైలుకి ఒక్క లెన్సే చాలు

వచ్చే ఆదివారం కిరండూల్ బండిలో ఫోటోలు తీయడానికి వెళ్తున్నాను. మా హాస్టల్ సీనియర్ అన్న తన కెనాన్ 1500డీ కెమెరా ఇస్తానన్నాడు. రెండు లెన్సులున్నాయి, 18-55, 55-250. "రెండూ పట్టుకెళ్ళు తమ్ముడూ" అన్నాడు. నేను చిన్నదే తీసుకెళ్తున్నాను. ఎందుకో చెప్తాను, ఫోటోలు తీసేవాళ్ళకి పనికొస్తుంది.

ఇది మనకి తెలిసిన లైనే. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించడానికి 1960లలో వేశారు. 58 సొరంగాలు. శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంది. మలుపులో గూడ్స్ బండి మొత్తం రావాలంటే 18 కావాలి. ఎదుటి కొండ మీద పోయే బండిని దగ్గరకి లాగాలంటే 250 కావాలి, అన్న మాట నిజమే. కానీ ఊగే బోగీలో 250తో చెయ్యి కొంచెం కదిలినా ఫోటో చెదిరిపోతుంది. రెండు సొరంగాల మధ్య లెన్స్ మార్చే టైం ఉండదు, మారిస్తే లోపలికి దుమ్ము.

ట్రైపాడ్ కూడా వద్దు. బోగీతో పాటు అదీ ఊగుతుంది, ప్లాట్‌ఫాం మీద జనానికి అడ్డం. షట్టర్ 1/500 పెట్టుకుంటే కిటికీలోంచి చాలు. పొగమంచు ఉంటుంది కాబట్టి ప్లాస్టిక్ కవరు, మెత్తటి గుడ్డ, షూ డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు సర్దుకున్నాను.

ఇంకో కారణం ఉంది, నాకు అదే పెద్దది. మా అమ్మ బొర్రా గుహలు స్టేషన్లో సీతాఫలాలు అమ్ముతుంది. టూరిస్టులు కిటికీలోంచి పెద్ద పెద్ద లెన్సులు పెట్టి తీస్తారు. పండు కొనరు, పేరు అడగరు. బండి కదిలితే ఫోటో వాళ్ళతోనే పోతుంది. "నా మొహం ఏ ఊళ్ళో తిరుగుతుందోరా" అంటుంది అమ్మ. నవ్వుతూనే అంటుంది గానీ నాకు నవ్వు రాదు.

18-55తో మనిషి మొహం తీయాలంటే మూడు నాలుగు అడుగుల దగ్గరకి వెళ్ళాలి. వెళ్ళాక అడగాలి, మాట్లాడాలి, వద్దంటే కెమెరా దించాలి. మనం మన భాషలో అడగగలం కదా. తీసినవి అక్కడే స్క్రీన్ మీద చూపిస్తాను, మళ్ళీ వెళ్ళినప్పుడు ప్రింట్లు ఇస్తాను.

తమ్ముళ్ళకి ఒక మాట. పట్టాల మీదకి, సొరంగాల్లోకి దిగొద్దు. ప్లాట్‌ఫాం నుంచి వచ్చిన ఫోటో చాలు.

ఎల్‌పీ-ఈ10 బ్యాటరీ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. సోమవారం ఛార్జ్ చేసి మరీ ఇచ్చేస్తాను.