తలకట్టు వరి

మాఘ బహుళ చతుర్దశి నాడు మహాశివరాత్రి. తమిళుల లెక్కలో అది మాసి నెల. మదురై దాటి దక్షిణానికి పోయే కొద్దీ, ఆ రాత్రి శివాలయాల కంటె ఇలవేల్పుల గుళ్లకే జనం ఎక్కువగా పోతారు. ఎక్కడ ఉద్యోగం చేసేవారైనా ఏడాదికి ఒకసారి తమ ఇలవేల్పు ముంగిట చేరాలి. దీపావళికి రాకపోతే ఎవరూ అడగరు. శివరాత్రికి రాకపోతే మాత్రం మరుసటి ఏడు దాకా మాట పడాలి.

2023లో ఫిబ్రవరి 18న శివరాత్రి వచ్చింది. హోసూరులో ఎనిమిదవ తరగతి తెలుగులో చదివే ఒక బాలిక తల్లిదండ్రులతో ముందురోజు సాయంకాలం రైలెక్కింది. తండ్రి పుట్టినది కోవిల్‌పట్టి దగ్గరి పల్లె. అయినా వారు తెల్లవారకముందే విరుదునగర్‌లో దిగారు. దానికి ఒక కారణముంది. అక్కడ పప్పుల వ్యాపారం చేసే చిన్నాన్న ఉన్నాడు. ఆయన తండ్రి, అంటే బాలికకు చిన్నతాత, పెండ్లయిన కొత్తలో, 1956లో, అన్నతో పొలంగట్టు విషయమై పోట్లాడి ఊరు విడిచాడు. మళ్లీ గుడి వైపు రాలేదు. చిన్నాన్నకు లేకలేక ఒక కొడుకు పుట్టాడు. వాడికి మూడేళ్లు నిండినా పుట్టువెంట్రుకలు తీయలేదు. అవి ఇలవేల్పు ముందరే తీయాలి కదా! "ఈ ఏడు మేమూ వస్తాం" అని ఆయన ఫోనులో చెప్పగా, "కలిసే పోదాం" అని బాలిక తండ్రి మాట ఇచ్చాడు.

విరుదునగర్ కామరాజు పుట్టిన ఊరు. 1923 వరకు దాని పేరు విరుదుపట్టి. పప్పులు, నూనె, మిరపకాయలు, ధనియాలు మూటలు మూటలుగా వచ్చిపోయే వ్యాపారస్థలం. చిన్నాన్న ఇంట కాఫీ తాగి, అందరూ ఒక వ్యానులో బయలుదేరారు. సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి సుమారు 50 కిలోమీటర్లు. దారికి రెండు వైపులా నల్లరేగడి నేల. దీనిని అక్కడివారు కరిసల్ అంటారు. ఏడాది పొడుగునా పారే ఏరు లేదు, కాలువ లేదు. ఐప్పసి, కార్తీక మాసాల వానలను నమ్ముకొని పత్తి, జొన్న, సజ్జ, మినుము, మిరప వేస్తారు. వరి మాత్రం కంటికి కానరాదు.

కోవిల్‌పట్టిలో పిల్లలకు వేరుశనగ మిఠాయి కొన్నారు. ఆ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు దొరికింది. అక్కడే కి. రాజనారాయణన్ స్మారక మండపాన్ని తండ్రి చూపించాడు. సమీపంలోని ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన ఆ రచయిత ఇంటి భాష తెలుగు, రాసినది తమిళం. తెలుగు నేల విడిచి వచ్చి, అడవి కొట్టి ఊరు కట్టుకొన్న కుటుంబాల కథను 1976లో 'గోపల్ల గ్రామం' అనే నవలగా రాశారు. తరువాతి నవల 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమి పురస్కారం వచ్చింది. కరిసల్ సీమలో పలికే తమిళ మాటలకు నిఘంటువు కూర్చినవారు కూడ ఆయనే. ఇంట తెలుగు మాట్లాడేవారు వీధి తమిళానికి నిఘంటువు చేయడం వింతగా తోచవచ్చు. అక్కడివారికి అది వింత కాదు.

పల్లెలో అవ్వ వాకిట్లోనే నిలిచి ఉంది. ఆమెకు ఎనభై దాటాయి.

"ఎప్పుడొస్తివమ్మా? రైల్లో నిద్ర పోతివా?"

"పోయాను. మీరు బాగున్నారా అవ్వా?"

అవ్వ పకపక నవ్వింది. "బాగుండాను. నేను ఒక్కతినే కదే, నన్ను పదిమందిని చేసి పిలుస్తావేమి?"

బడి తెలుగుకూ అవ్వ తెలుగుకూ ఆ రోజంతా ఇలాంటి పేచీలే.

చీకటి పడేసరికి గుడి ముందు మూడువందల మంది దాకా చేరారు. వరుసగా పొంగళ్లు పెట్టారు. చెన్నై పిల్లలు తమిళంలోను, బెంగుళూరు పిల్లలు ఇంగ్లీషులోను ఆడుకొంటున్నారు. సామి పెట్టె తెరిచి లెక్కలు మొదలుపెట్టారు. చిన్నాన్న డబ్బు చాచగా, లెక్క రాసే పెదనాన్న చేయి ఆగింది.

"నీ పేరు పుస్తకంలో లేదప్పా."

"మా నాయన పేరు?"

"అదీ లేదు."

పక్కనున్న ముసలాయన అందుకొన్నాడు. "వాళ్ల నాయన వరి మానుకొని పోయినాడు. మానుకొన్న తల మానుకొన్నట్టే. ఇప్పుడొచ్చి వెంట్రుకలు తీస్తానంటే ఎట్ల?"

చిన్నాన్న భార్య పిల్లవాణ్ణి దగ్గరికి తీసికొంది. ఎవరూ మాట్లాడలేదు.

పెట్టె అడుగున మరొక పుస్తకం ఉంది. అట్ట ఊడి, అంచులు పురుగు కొట్టి ఉంది. బాలిక తాత తాను పోయేవరకు, అంటే 1988 దాకా, గుడి లెక్క తెలుగులోనే రాసేవాడు. తరువాతివారు తమిళంలో రాశారు. చదవగలవారు లేక ఆ పాత పుస్తకాన్ని ఎవరూ విప్పలేదు. బాలిక ఊరికే తీసి చూసి, మొదటి మాట దగ్గరే చిక్కుకొంది.

"తలకట్టు వరి అని ఉంది. ఈ నేలలో వరి ఎక్కడిది? తలకట్టు అంటే అక్షరం మీద పెట్టేది కదా?"

అందరూ ఒక్కసారి నవ్వారు. పెండ్లయిన ప్రతి మగవాని పేర గుడికి కట్టే పన్ను అది. తమిళంలో వరి అంటే పన్ను. నవ్వు ఆగకముందే బాలిక తరువాతి వరుస చదివింది.

"1956. విరుదుపట్టి తమ్ముని తలకట్టుకు, అన్న చేతి మీదుగా, 8 అణాలు."

నవ్వు ఆగిపోయింది. పుట తిప్పింది. 1958లో అదే మాట. అణాలకు బదులు 50 నయాపైసలు. తరువాత రూపాయి, రెండు రూపాయలు, అయిదు. ఒక్క ఏడూ తప్పలేదు. పెదనాన్న కళ్లజోడు పెట్టుకొని పుస్తకం లాక్కొన్నాడు. ఆయనకు అక్షరాలు రావు గాని అంకెలు తెలుసు. వేలు పెట్టి వరుసగా చూసుకొన్నాడు.

"నాకు ఒక్క మాట చెప్పలేదే!" అంది అవ్వ. ముప్పైరెండేళ్లు ఇంట్లో ఆ తమ్ముని పేరెత్తనివ్వని మనిషి ఆమె భర్త. "ఇంకోసారి చదువు."

బాలిక మళ్లీ చదివింది.

ముసలాయన ఊరుకోలేదు. "అర్ధరూపాయి కట్టినవాడు, పోయి తమ్ముణ్ణి పలకరించి ఉండరాదా?" అని గొణిగాడు. 1989 నుండి బాకీ కట్టాలన్నాడు. వేళ్లు మడిచి లెక్కవేశారు. చిన్నాన్న బేరమాడకుండా కట్టాడు. అంత వ్యాపారి బేరమాడకపోవడం అదే మొదటిసారి అని ఆయన భార్య తరువాత చెప్పింది.

తెల్లవారాక పిల్లవాని వెంట్రుకలు తీశారు. వాడి ఏడుపు ఊరి బాయి దాకా వినబడింది. పెదనాన్న పాత పుస్తకం తెచ్చి, చివరి పుటలో ఖాళీ చూపించి, కలం బాలిక చేతికిచ్చాడు. ఆమె సంవత్సరం వేసి, "విరుదునగర్" అని మొదలుపెట్టి, పైకి చదివింది.

"విరుదుపట్టి అని రాయవే" అంది అవ్వ.