మట్టి మోసినవాళ్ళు

2025 మే నెలలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ సీజన్ ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా గుగులోత్ సౌమ్యను ఎంపిక చేసింది. నిజామాబాద్ జిల్లాకు చెందిన లంబాడీ అమ్మాయి. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మన పత్రికలకు ఒకే మాట గుర్తొస్తుంది: మట్టిలో మాణిక్యం. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ బెల్లంకొండలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఆ మాట విన్నప్పుడల్లా నాకు కొల్లూరు గుర్తొస్తుంది.

మాకు దగ్గర్లోనే, కృష్ణ ఒడ్డున ఉండేవి కొల్లూరు గనులు. కోహినూరు అక్కడే దొరికిందని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. ఇప్పుడవి పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో ఆ గనుల్ని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, దాదాపు 60,000 మంది అక్కడ పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వేవాళ్ళు. ఆడవాళ్ళూ పిల్లలూ ఆ మట్టిని మోసేవాళ్ళు. మోసిన మట్టిని నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, చేటలతో చెరిగి వెతికితే ఎప్పటికో ఒక రాయి కనబడేది. ఆ రాళ్ళు ఏ రాజు చేతి నుంచి ఏ రాజు చేతికి మారాయో చరిత్ర పుస్తకాల నిండా ఉంది. మట్టి మోసిన ఆడవాళ్ళలో ఒక్కరి పేరూ లేదు. సౌమ్య ఆట గురించి రాయాలనుకున్నప్పుడు నన్ను పట్టుకున్నది ఈ మట్టి లెక్కే.

ముందు ఆట గురించి చెప్పుకుందాం. సౌమ్య 2001లో పుట్టింది. ఆడేది ఫార్వర్డ్ స్థానంలో, అంటే గోల్ కొట్టే బాధ్యత ఉన్న ముందు వరసలో. 2021-22 సీజన్ ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన గోకులం కేరళ జట్టు మనిషి. 2022లో ఆమెకూ, మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్‌కూ క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బు నుంచి పిలుపు వచ్చింది. మన తెలుగు నేల నుంచి ఒక తండా అమ్మాయి యూరప్ క్లబ్బులో ఆడటానికి వెళ్ళిందని ఎంతమందికి తెలుసు? తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఒడిశా జట్టు మీద ఆమె కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఈస్ట్ బెంగాల్ తొలిసారి మహిళల లీగ్ గెలిచింది. అప్పటికి ఆ క్లబ్బు మగవాళ్ళ జట్టు చివరిసారి జాతీయ లీగ్ గెలిచింది 2003-04లో. ఇరవై ఒక్క ఏళ్ళుగా కలకత్తా అభిమానులు ఎదురుచూసిన జాతీయ లీగ్ టైటిల్‌ను వాళ్ళ చేతికిచ్చింది ఆడవాళ్ళు.

ఫార్వర్డ్ ఆట చూడటం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మొదట్లో బంతినే చూసేదాన్ని. మెల్లగా అర్థమైంది, ఫార్వర్డ్ పనిలో ఎక్కువ భాగం బంతి లేకుండానే జరుగుతుందని. ఎదుటి జట్టు రక్షణ వరస వెనక ఎక్కడ ఖాళీ ఉందో పసిగట్టాలి. బంతి వస్తుందో రాదో తెలియకముందే అటు పరుగు తీయాలి. పదిసార్లు పరిగెత్తితే తొమ్మిదిసార్లు బంతి రాదు. పదోసారీ అదే వేగంతో పరిగెత్తాలి. మనం ఆడపిల్లలకు నేర్పేది దీనికి సరిగ్గా తలకిందులు. ఖాళీ చోటు కనబడితే ఆగమంటాం. చుట్టూ చూసుకోమంటాం. ఎవరున్నారో, ఏమంటారో, చున్నీ సరిగా ఉందో లేదో చూసుకున్నాకే అడుగు వేయమంటాం. పన్నెండేళ్ళు వచ్చేసరికి ఆ కాళ్ళకు చోటును చూసి భయపడటం అలవాటవుతుంది. కాబట్టి ఒక అమ్మాయి ఫార్వర్డ్ అయిందంటే, ఆమె వేగం గురించి అడిగే ముందు, ఆమెకు ఈ భయం నేర్పకుండా ఆగింది ఎవరని అడగాలనిపిస్తుంది నాకు.

జాగ్రెబ్‌కు ఎంతో దూరం లేని ఆస్ట్రియాలో నికోల్ బిల్లా అనే ఫార్వర్డ్ ఉంది. 1996లో కుఫ్‌స్టైన్ అనే చిన్న పట్టణంలో పుట్టింది. 2015లో జర్మనీలోని హోఫెన్‌హైమ్ క్లబ్బుకు వెళ్ళింది. 2020-21 సీజన్‌లో 23 గోల్స్ కొట్టి జర్మన్ లీగ్‌లో అందరికంటే ముందు నిలిచింది. 2021లో జర్మనీ ఉత్తమ క్రీడాకారిణి గౌరవం ఆ పొరుగుదేశపు అమ్మాయికే దక్కింది. ఆస్ట్రియా జనాభా 90 లక్షల చిల్లర. ఆ దేశం 2011లో సాంక్ట్ పోల్టెన్‌లో అమ్మాయిల ఫుట్‌బాల్ కోసమే ఒక జాతీయ కేంద్రం పెట్టింది. చదువూ, వసతీ, ఆటా ఒకేచోట. ఆరేళ్ళు తిరిగేసరికి, 2017లో, తొలిసారి యూరో పోటీలకు అర్హత సాధించిన ఆ జట్టు సెమీఫైనల్ దాకా వెళ్ళింది. అక్కడ మట్టి మోసే పనిలో కొంత భాగాన్ని ప్రభుత్వమూ, సమాఖ్యా నెత్తికెత్తుకున్నాయి. మన దగ్గర ఆ తట్ట ఇంకా ఇంటి ఆడవాళ్ళ నెత్తి మీదే ఉంది.

యూరప్ మొదటినుంచీ ఉదారంగా ఉందని కాదు. ఇంగ్లండ్‌లో మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆయుధ కర్మాగారాల్లో పనిచేసిన స్త్రీలు ఆడే మ్యాచ్‌లకు వేలమంది వచ్చేవాళ్ళు. 1921 డిసెంబర్‌లో అక్కడి ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట ఆడవాళ్ళకు తగదని చెప్పి, తన సభ్య క్లబ్బుల మైదానాలన్నిటికీ తాళం వేసింది. ఆ తాళం తీయడానికి యాభై ఏళ్ళు పట్టింది. జర్మన్ సంఘం 1955లో అదే పని చేసి 1970 దాకా కొనసాగించింది. గమనించారా, ఎవరూ కాళ్ళు కట్టెయ్యలేదు. మైదానం తీసేసుకున్నారు, అంతే. ఆడవాళ్ళ విషయంలో నిషేధం ఎప్పుడూ చోటు రూపంలోనే వస్తుంది.

మన దేశంలో తాళం కూడా అవసరం లేకపోయింది. పట్టించుకోకపోవడమే సరిపోయింది. 1975లో మహిళల ఫుట్‌బాల్ సమాఖ్య విడిగా ఏర్పడింది. ఆసియా పోటీల్లో మన అమ్మాయిలు రెండుసార్లు రెండో స్థానంలో నిలిచారు, రెండోసారి 1983లో. తర్వాత ఆ ఆటను జాతీయ సమాఖ్యలో కలిపేసుకుని మూలన పడేశారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే మనకు రహీం సాబ్ గుర్తొస్తారు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల బంగారు పతకం గుర్తొస్తాయి. ఆ స్వర్ణయుగం కథలో స్త్రీ ఎక్కడుందని అడిగితే టీ గ్లాసుల దగ్గర కూడా కనబడదు. మహిళలకు దేశవ్యాప్త లీగ్ వచ్చింది 2016-17లో. 2023లో సమాఖ్య, లీగ్‌లో ప్రతి క్లబ్బూ కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షలకు తగ్గకుండా ఇవ్వాలని నిబంధన తెచ్చింది. నెలకు ఇరవై ఏడు వేల లోపు. అదే రోజుల్లో మగవాళ్ళ ఇండియన్ సూపర్ లీగ్‌లో ఒక్కో జట్టు ఆటగాళ్ళ జీతాలకు పరిమితి 16.5 కోట్లు. ఒకరికి ఇంతకంటే తగ్గకూడదనీ, ఇంకొకరికి ఇంతకంటే మించకూడదనీ నిబంధనలు. నిబంధన పెట్టే పద్ధతిలోనే ఎవరు ఎక్కడున్నారో తెలిసిపోతోంది.

ఇన్నిటి మధ్య 2025 జూలైలో మన జట్టు థాయ్‌లాండ్‌ను వాళ్ళ దేశంలోనే 2-1 తేడాతో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. అర్హత పోటీలు ఆడి గెలిచి ఆ కప్‌కు వెళ్ళడం అదే మొదటిసారి. 2022లో ఆతిథ్య దేశంగా నేరుగా చోటు దొరికినా, జట్టులో చాలామందికి కోవిడ్ సోకి మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. 2025 అర్హత పోటీల జట్టులో సౌమ్య ఉంది.

ఇక్కడ ఒక సంవత్సరం గురించి చెప్పాలి. సౌమ్య పుట్టిన 2001లో మన ఉమ్మడి రాష్ట్రంలో లంబాడీ తండాలు పత్రికల మొదటి పేజీలకెక్కాయి. ఆట వల్ల కాదు. తండాల్లో పుట్టిన ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు తీసుకుని దత్తత పేరుతో విదేశాలకు పంపుతున్న వ్యవహారం 1999లో ఒకసారి, 2001లో మరోసారి బయటపడింది. అప్పుడు చాలామంది తల్లుల్నే తిట్టారు. కరువు గురించి, కట్నం గురించి, ఆపరేషన్ చేయించుకోనివ్వని మగవాళ్ళ గురించి మాట్లాడింది కొద్దిమంది స్త్రీలే. ఆ రోజుల్లో తండా ఆడపిల్ల దేశం దాటే దారి అదొక్కటే అన్నట్టుగా ఉండేది. ఇరవై ఒక్క ఏళ్ళకు అదే తరం అమ్మాయి తన కాళ్ళతో, తన పేరుతో, తన ఒప్పందం మీద తను సంతకం పెట్టి జాగ్రెబ్‌కు వెళ్ళింది. ఆ రెండు ప్రయాణాల మధ్య దూరాన్ని ‘మాణిక్యం’ అన్న మాట కొలవలేదు.

పల్నాడులో ఆట అంటే మాకు రెండే గుర్తులు: కోడిపందెం, బాలచంద్రుడి బొంగరం. పందెంలో నాగమ్మ కోడి గెలిచింది. గెలిచినందుకు ఆమె మీద వేసిన నింద ఇంకా దిగలేదు. బాలచంద్రుడు బొంగరం ఆడుకుంటే అది వచ్చి తగిలింది ఒక ఆడమనిషి కాలికి. ఆటలో ఆడదాని వాటా ఆ దెబ్బ, ఆ నింద. నేను చదువు చెప్పే బడిలో సాయంత్రం గంట కొట్టగానే మైదానం మొత్తం మగపిల్లలదైపోతుంది. ఎవరూ రాసిచ్చింది కాదు. క్రికెట్ వికెట్లు మధ్యలో పాతుతారు, ఆడపిల్లలు గోడ వెంబడి నడిచి గేటు చేరతారు. అంత మైదానంలో వాళ్ళకు మిగిలేది గోడ పక్కన రెండడుగులు.

ఆ గోడ వెంబడి నడవని అమ్మాయి ఒకతె తొమ్మిదో తరగతిలో ఉండేది. సుగాలీల పిల్ల. తెలంగాణలో లంబాడీలంటే మా వైపు సుగాలీలంటాం. మైదానం అడ్డంగా పరుగెత్తి గేటు దాటేది, బస్సు అందుకోవాలి కాబట్టి. సౌమ్య గోల్ కొట్టే వీడియో నా ఫోన్లో చూపిస్తే, గోల్ సంగతి వదిలేసి, “నిక్కరేసుకుంటే వాళ్ళింట్లో ఏమనలేదా మేడమ్?” అనడిగింది. తర్వాత, “అంత లైట్లేసి మరీ ఆడిస్తారా ఆడోళ్ళని?” అంది.

వాళ్ళమ్మతో మాట్లాడటానికి వెళ్ళాను. మిరపకోతల రోజులు. వేళ్ళ మంటకు చేతులు రెండూ చెంబు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. అమ్మాయిని సాయంత్రం ఒక గంట ఆపుకుంటానన్నాను. ఆమె కోప్పడలేదు, పరువు మాట ఎత్తలేదు. “ఆ బస్సు పోతే ఇంకోటి లేదు. ఆటో అంటే మొగోళ్ళు తాగి ఎక్కుతారు. ఆ దారిన చీకట్లో మీరొస్తారా మేడమ్, మీ పిల్లనైతే పంపిస్తారా?” అంది. మనం స్త్రీవాద సభల్లో ‘దృక్పథం మారాలి’ అంటాం. ఆమె అడిగింది బస్సు. దృక్పథం ఆమెకు నాకంటే స్పష్టంగానే ఉంది.

సౌమ్య గురించి చెప్పాను. అంతా శ్రద్ధగా విని అడిగింది: “ఆ పిల్ల ఆడుకునేటప్పుడు వాళ్ళింట్లో నీళ్ళెవరు తెచ్చారు? కోతలప్పుడు చిన్నపిల్లల్ని ఎవరు చూసుకున్నారు?”

నేను చదివిన ఏ వార్తలోనూ దానికి జవాబు లేదు. తండ్రి త్యాగం ఉంటుంది, శిక్షకుడి పట్టుదల ఉంటుంది, తల్లి ఫొటోలో మిఠాయి తినిపిస్తూ ఉంటుంది. నీళ్ళు ఎవరు తెచ్చారో ఉండదు.

మేమిద్దరం కూర్చుని ఒక లెక్క వేసుకున్నాం. సాయంత్రం కుదరదు. పొద్దున బస్సు బడికి ముప్పావుగంట ముందే దింపుతుంది. ఆ వేళ మైదానంలో మగపిల్లలెవరూ ఉండరు. వెలుతురుంటుంది. నీళ్ళ సంగతి తోటికోడలితో మాట్లాడతానంది, మూడు రోజులు ఆమె, మూడు రోజులు ఈమె. ప్రతిగా తోటికోడలి కూతుర్ని కూడా ఆడించాలని షరతు. అట్లా ఒకరు ఇద్దరయ్యారు, ఇద్దరు తొమ్మిదిమందయ్యారు. బంతి నేను కొన్నాను. గేటు తాళంచెవి కోసం ఎన్నిసార్లు, ఎవరెవరిని బతిమాలానో ఇక్కడ రాయను. వీళ్ళలో ఎవరూ జాగ్రెబ్ వెళ్ళకపోవచ్చు. కోతలు ముమ్మరమైన వారాల్లో తొమ్మిదిమందిలో నలుగురే వస్తారు. నలుగురూ మైదానం మధ్యలోనే ఆడతారు.