రాళ్ళ బరువు తెలిసిన బీరువా

రాళ్ళు పోగుచేసేవాళ్ళ మనసు మొదట అద్దాల షోకేసు మీదికి పోతుంది. ముందు బరువు సంగతి చూడమంటాను నేను. మంగంపేట ముగ్గురాయి ముక్క ఒకటి చేతిలోకి తీసుకోండి. బూడిదరంగు, చూపుకి ఏ విశేషమూ లేదు. పట్టుకున్న చెయ్యి మాత్రం ఒక్కసారి కిందికి దిగుతుంది. ఘనపుటడుగు గ్రానైటు సుమారు 76 కిలోలు తూగితే, ముగ్గురాయి 127 దాకా తూగుతుంది.

పుస్తకాల కోసం చేసిన పార్టికల్ బోర్డు అర ఇంత బరువుకి ఆ రోజే విరగదు. నెలల తరబడి మెల్లగా దిగబడుతుంది. కంటికి తెలిసేసరికి స్క్రూలు పట్టు వదిలేసి ఉంటాయి. అడుక్కింత చొప్పున ఒకే బరువు పరిచినా, అర పొడవు రెట్టింపైతే నడిమి వంపు పదహారు రెట్లవుతుంది. చెక్క మందం రెట్టింపు చేస్తే ఆ వంపు ఎనిమిదో వంతుకి తగ్గుతుంది. కాబట్టి వడ్రంగితో ఖరీదైన టేకు గురించి మాట్లాడేముందు, నాలుగడుగుల అరకి మధ్యలో ఒక నిలువు చెక్క వెయ్యమని అడగాలి.

మన పాత ఇళ్ళలో వంటగది గోడకి కడప బండలతో అరలు కట్టేవారు. రాళ్ళు పెట్టుకోవడానికి అంతకన్నా మంచి అర నేను చూడలేదు. బండ అంచులు గోడలోకి దిగి ఉంటాయి, చెద పట్టదు, తేమకి ఉబ్బదు. పైగా అది నాపరాయి, అంటే సున్నపురాయి. సేకరణలో మొదటి నమూనాగా దాన్నే లెక్కవేసుకోవచ్చు. కాకపోతే రాయి వంపుని ఓర్చుకోదు, చెప్పాపెట్టకుండా పగులుతుంది. పొడవు బండకి కింద ఊత తప్పదు.

శిలాజాల దగ్గరికొస్తే బలం ఒక్కటే చాలదు. ఓక్ చెక్క నుంచి, కొత్త ప్లైవుడ్, ఎండీఎఫ్ బోర్డుల నుంచి ఆమ్లపు ఆవిర్లు వస్తుంటాయి. మూసిన సొరుగులో అవి నిలిచిపోయి గవ్వల్నీ, సున్నం ఉన్న శిలాజాల్నీ తెల్లటి పొడిగా తినేస్తాయి. ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం పైరైటు. అది నిండిన శిలాజాలకి తేమే శత్రువు. గాలిలో తేమ 60 శాతం దాటితే పైరైటు మెల్లగా గంధకామ్లంగా మారుతూ రాయినీ, దాని కింది చీటీనీ కూడా కాల్చేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్ళలో ఉండేవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అందుకే నా ఓటు పౌడర్ కోటింగ్ వేసిన స్టీలు బీరువాకే. పైరైటు ఉన్నవాటిని మూత బిగిసే డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో విడిగా పెట్టాలి.

అద్దం వెనక పెట్టేవి కొన్నే ఉండాలి, అవీ ఎండ తగలని చోట. ఎండకి అమెథిస్టు ఊదారంగు వెలిసిపోతుంది. మిగతావన్నీ లోతు తక్కువ సొరుగుల్లో ఉంటేనే క్షేమం. 1728లో కన్నుమూసిన ఇంగ్లండు ప్రకృతి శాస్త్రజ్ఞుడు జాన్ వుడ్‌వర్డ్ శిలాజాల సేకరణ కేంబ్రిడ్జ్‌లోని సెడ్జ్‌విక్ మ్యూజియంలో ఈనాటికీ ఆయన వాల్‌నట్ బీరువాల సొరుగుల్లోనే ఉంది. సొరుగులో ఒక్కో రాయికి ఒక్కో అట్టపెట్టె ఉంటే ఒకదానికొకటి రాసుకోవు. ఏ ఊరు, ఏ గుట్ట, ఏ పొర అన్న చీటీ కూడా రాయితోపాటే ఉంటుంది. వేంపల్లె సున్నపురాళ్ళలో నూరు కోట్ల ఏళ్ళకి పైబడిన స్ట్రొమటోలైట్లు, అంటే సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన శిలాజాలు, దొరుకుతాయి. ఊరి పేరున్న చీటీ పోతే అలాంటి రాయి చారల రాయిగా మిగిలిపోతుంది.

సొరుగుల ఛానెల్ ఎన్ని కిలోలు మోస్తుందో అడిగి కొనండి. బరువైనవి అడుగున సర్దండి. బీరువాని గోడకి బోల్టులతో బిగించండి. రెండు మూడు పై సొరుగులు ఒకేసారి లాగితే నిండు బీరువా ముందుకి ఒరుగుతుంది, పిల్లలు లాగేది సరిగ్గా అలాగే.